21 రోజులకు ముందు సంగతి

హైదరాబాద్‌లో ఏ సర్కిల్ ఆఫీసుకు వెళ్లినా ఎదురుగానో పక్క సందులోనో ప్లాన్లు గీసే షాపు కనిపిస్తుంది. లోపల ఒక కంప్యూటర్, ఒక ప్లాటర్, చుట్టలు చుట్టి మూలన పడేసిన పాత డ్రాయింగులు, వాటి మధ్య ఎల్టీపీ గారు, అంటే లైసెన్సున్న సాంకేతిక నిపుణుడు. ఇల్లు కట్టుకోవాలనుకున్నవాళ్లు ముందు వెళ్లేది అక్కడికే. సేల్‌డీడ్ జిరాక్సు టేబుల్ మీద పెట్టి, "ఇందులో ఏం కట్టనిస్తారండీ?" అని అడుగుతారు. ఆయన కాగితాలు అటూ ఇటూ తిప్పి, "ఒకసారి లోపల కనుక్కుని చెప్తా" అంటాడు.

మన నగరాల్లో కట్టబోయేవాడికీ సర్కారుకూ మధ్య జరిగే తొలి సంప్రదింపు ఇదే. దానికి రసీదు ఉండదు, తేదీ ఉండదు, లోపల ఎవరు చెప్పారో పేరు ఉండదు. మూడు నెలల తర్వాత మాట మారితే అడగడానికి దిక్కూ ఉండదు.

అనుమతుల వేగం గురించి చెప్పుకోవాలంటే, ఈ పదేళ్లలో వచ్చిన మార్పు చిన్నదేం కాదు. తెలంగాణ 2020లో తెచ్చిన టీఎస్‌ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు కట్టుకునేవాళ్లకు అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల లోపు స్థలమైతే, 10 మీటర్ల ఎత్తు దాటకపోతే, సొంత ధ్రువీకరణ మీద అప్పటికప్పుడే అనుమతి. అంతకు మించినవాటికి 21 రోజుల గడువు. ఆలోగా అధికారులు ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఆంధ్రప్రదేశ్‌దీ ఇప్పుడు సొంత ధ్రువీకరణ బాటే. ఫైలు కదలాలంటే ఎవరి చెయ్యి తడపాలో వెతుక్కున్న రోజులు చూసినవాళ్లకు ఈ మార్పు విలువ తెలుసు.

కానీ సొంత ధ్రువీకరణ అనే మాటను కాస్త విప్పి చూడాలి. నా స్థలం రోడ్డు విస్తరణలో పోదు, చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే ఎఫ్‌టీఎల్‌లో లేదు, నిషేధిత జాబితాలో లేదు, మాస్టర్‌ప్లాన్‌లో ఇది నివాస ప్రాంతమే అని యజమాని పూచీ పడాలి. ఈ సమాచారమంతా ఎవరి దగ్గరుంది? ప్రభుత్వ శాఖల దగ్గర. చెరువు హద్దు ఇరిగేషన్ వాళ్లకు, నిషేధిత జాబితా రెవెన్యూ, రిజిస్ట్రేషన్ల వాళ్లకు, రోడ్డు గీత టౌన్ ప్లానింగ్ వాళ్లకు తెలుసు. వాళ్లకు తెలిసినదాని మీద మనం సంతకం పెట్టాలి. అది తప్పని తేలితే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం అదే చట్టంలో ఉంది. అధికారులు వచ్చి స్థలం చూసేది కూడా అనుమతి చేతికొచ్చాకే. ముందు అడిగే వీలు ఇవ్వకుండా వెనక తనిఖీకి మాత్రం వీలు పెట్టుకున్నామన్నమాట.

చిన్న లెక్క చూద్దాం. రోడ్డు వైపు 40 అడుగులు, లోపలికి 45 అడుగులు ఉన్న స్థలం అంటే సరిగ్గా 200 గజాలు. ముందున్నది 30 అడుగుల రోడ్డు. మాస్టర్‌ప్లాన్‌లో అది 40 అడుగులని ఉంటే నడిమి గీత నుంచి రెండు వైపులా ఐదేసి అడుగులు పోతాయి. 40 అడుగుల ముఖానికి ఐదు అడుగులంటే 200 చదరపు అడుగులు, దాదాపు 22 గజాలు. సెట్‌బ్యాక్ కొలిచేది కూడా పాత గేటు దగ్గర నుంచి కాదు, వెనక్కి జరిగిన కొత్త హద్దు నుంచి. స్టిల్టులో కారు మలుపు తిరగడానికి వదిలిన జాగా చాలదు, పిల్లర్లు జరపాలి, మెట్లు ఇంకో మూలకు పోవాలి. పిల్లర్లు జరిగితే స్ట్రక్చరల్ డ్రాయింగు మొదటి నుంచీ గీయాలి. నష్టపోయిన స్థలానికి టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు) ఇస్తారనుకోండి, అది వేరే కథ. ఈ రోడ్డు గీత సంగతి స్థలం కొన్న నాడు కాకపోయినా, కనీసం ఆర్కిటెక్టుకు అడ్వాన్సు ఇచ్చే నాటికైనా తెలియాలి. మామూలుగా అది తెలిసేది డ్రాయింగ్ అప్‌లోడ్ చేసి, షార్ట్‌ఫాల్ మెసేజ్ వచ్చాక.

చెరువుల దగ్గర ఇదే కథ ప్రాణం మీదికి వస్తుంది. 2012 నాటి భవన నిబంధనల జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. రూలు స్పష్టంగానే ఉంది. కానీ హద్దు ఎక్కడ? ప్రాథమిక నోటిఫికేషన్ దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయిన చెరువులు ఎన్నో. 2024 జులైలో ప్రభుత్వ ఆస్తుల రక్షణ సంస్థ హైడ్రా వచ్చి కూల్చివేతలు మొదలుపెట్టినప్పుడు కొందరు అనుమతి కాగితాలు చేతిలో పట్టుకునే నిలబడ్డారు. అనుమతులిచ్చిన అధికారుల మీద కేసులూ నమోదయ్యాయి. అక్రమ నిర్మాణాలను వెనకేసుకు రావాలని కాదు. ఆ కాగితాలు అబద్ధమో, ఆ హద్దు కొత్తదో, గోడ లేవకముందే రాతపూర్వకంగా తేల్చి చెప్పే చోటు లేకపోవడం గురించే ఇక్కడ మాట్లాడుతున్నది.

ఇలాంటి చోటు ఉన్న దేశాలున్నాయి. ఇంగ్లండ్‌లో దరఖాస్తుకు ముందే కౌన్సిల్ ప్లానింగ్ అధికారుల సలహా తీసుకోవడం మామూలు వ్యవహారం. చిన్న ప్రాజెక్టులకు 8 వారాలు, పెద్దవాటికి 13 వారాలు అనే నిర్ణయపు గడువు ఉన్నా, గడియారం మొదలయ్యేలోపే చిక్కుముడులు విప్పుకోవాలన్నది అక్కడి ఆలోచన. 2003 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం తర్వాత చాలా కౌన్సిళ్లు దీనికి ఫీజు వసూలు చేస్తున్నాయి. అయితే ఆ సలహా కౌన్సిల్‌ను కట్టిపడేయదు. అధికారి బాగుందన్నదాన్ని కమిటీ తిరస్కరించవచ్చు. డబ్బు కట్టి తెచ్చుకున్న సలహాకు ఆ మాత్రం పూచీ లేదా అని అక్కడా గొణుగుడు ఉంది.

సియాటిల్‌ది ఇంకో దారి. డిజైన్ రివ్యూ పరిధిలోకి వచ్చే భవనాలకు పూర్తి దరఖాస్తు కంటే ముందే కనీసం మూడు రకాల రూపాలు బోర్డు ముందు పెట్టాల్సి ఉండేది, చుట్టుపక్కల జనం వచ్చి మాట్లాడేవారు. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ సమావేశం మీద సమావేశం పడుతూ ప్రాజెక్టులు ఆలస్యమయ్యే సరికి, వాషింగ్టన్ రాష్ట్రం 2023లో చట్టం చేసి బహిరంగ సమావేశం ఒకటికి మించకూడదని కత్తెర వేయాల్సి వచ్చింది. ముందుగా అడగడం మంచిదే, దానికీ ఒక గట్టు లేకపోతే అదే ఇంకో క్యూ అవుతుంది.

నాకు అన్నిటికన్నా పనికొచ్చేదిగా తోచింది కాలిఫోర్నియా పద్ధతి. అక్కడి ఎస్‌బీ 330 చట్టం 2020 జనవరి నుంచి అమల్లో ఉంది. ఇళ్ల ప్రాజెక్టు కట్టదలచినవారు పూర్తి డ్రాయింగులు లేకుండానే, చట్టంలో రాసిన కొద్దిపాటి వివరాలతో ప్రాథమిక దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫీజు కట్టి అది పెట్టిన రోజున ఉన్న నిబంధనలే ఆ ప్రాజెక్టుకు వర్తిస్తాయి. నగరం తర్వాత రూలు మార్చినా, కొన్ని మినహాయింపులు తప్ప, దీన్ని తాకదు. బదులుగా 180 రోజుల్లో పూర్తి దరఖాస్తు వేయాలి, లేదంటే ఆ రక్షణ పోతుంది. రెండు వైపులా గడువు, రెండు వైపులా బాధ్యత.

ఇక్కడ అలాంటిది పెడదామంటే టౌన్ ప్లానింగ్ ఉద్యోగి ముందు భయపడతాడు, అది అన్యాయమైన భయం కూడా కాదు. నోటితో చెప్పినంత ధైర్యంగా రాసి ఇవ్వలేడు. రాసిస్తే రేపు విజిలెన్స్ అడుగుతుంది, ఎల్లుండి కేసు అవుతుంది. పైగా ఇరిగేషన్ హద్దుకు తానెలా పూచీ పడతాడు? అందుకే ఆ జవాబు ఒక్క అధికారి అభిప్రాయంలా ఉండకూడదు. ఫలానా సర్వే నంబరుకు ఫలానా తేదీన రికార్డుల ప్రకారం రోడ్డు గీత ఇది, చెరువు హద్దు ఇది, భూవినియోగం ఇది, ఎత్తు పరిమితి ఇది అని సంబంధిత శాఖలన్నీ కలిసి ఇచ్చే ఒకే కాగితం కావాలి. ఇప్పుడు భూవినియోగ ధ్రువపత్రం ఒక చోట, ఎయిర్‌పోర్టు ఎత్తు ఎన్‌ఓసీ ఇంకో చోట, చెరువు మ్యాపు మరో వెబ్‌సైటులో దొరుకుతున్నాయి. ముక్కలన్నీ ఉన్నాయి, కుట్టి ఇచ్చే చెయ్యి లేదు. హద్దు ఇంకా తేలలేదంటే తేలలేదని రాసినా చాలు, కొనేవాడు జాగ్రత్త పడతాడు.

ఇది లంచానికి ఇంకో కిటికీ తెరవడమే కదా అని అడిగేవాళ్లుంటారు. ఆ కిటికీ ఇప్పటికే తెరిచి ఉంది, దానికి బోర్డు లేదు, అంతే. ఫీజు ఎంతో రాసిపెట్టి, ఇచ్చిన ప్రతి జవాబునూ అందరూ చూసేలా పోర్టల్‌లో పెడితే, పక్క ప్లాటువాడికి ఒక మాట, మనకో మాట చెప్పడం అంత తేలిక కాదు.

పెద్ద బిల్డర్లకు ఈ బెంగ అంతగా ఉండదు, వాళ్ల కన్సల్టెంట్లు అధికారుల గదుల్లోకి నేరుగా వెళ్లగలరు. కొందరైతే దరఖాస్తు మాట దేవుడెరుగు, ప్రీలాంచ్ పేరుతో ఫ్లాట్లే అమ్మేస్తున్నారు. రెరా చట్టం అది కూడదన్నా సరే. మన దగ్గర ముందస్తుగా జరిగేది అమ్మకమే గానీ సంప్రదింపు కాదు. ఎటొచ్చీ 200 గజాలవాడు సేల్‌డీడ్ జిరాక్సు పట్టుకుని షాపు బెంచీ మీద కూర్చుని, లోపలికి వెళ్లిన ఎల్టీపీ గారు ఏం కబురు తెస్తారా అని ఆ ఆఫీసు గేటు వైపు చూస్తుంటాడు.