తెల్లకాగితం మీద వేలిముద్ర

2022 వేసవిలో కొవ్వూరులో ఒక అపార్టుమెంటు రెండో అంతస్తుకు సెంట్రింగు కడుతూ మా బాబాయి జారిపడ్డాడు. గోదావరి వంతెన దాటించి రాజమహేంద్రవరం ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. వయసు 40. మరునాటి ఉదయం మార్చురీ బయట పెద్దమనుషులు కూర్చున్నారు. బిల్డరు రాలేదు, మేస్త్రీని పంపాడు. మధ్యాహ్నానికి రెండు లక్షలకు మాట కుదిరింది. ఇకమీదట ఏ దావా వేయబోమని రాసిన తెల్లకాగితం మీద మా పిన్ని వేలిముద్ర వేసింది. సాక్షులుగా సంతకం చేసినవారిలో నేనూ ఒకణ్ణి.

ఆ తరువాత చట్టం చదివాను. అప్పటికి అమలులో ఉన్నది 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం. పనిలో ప్రమాదం జరిగి కార్మికుడు మరణిస్తే నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించాలి. 2020 జనవరి నుంచి ఈ లెక్కకు తీసుకునే గరిష్ఠ వేతనం 15,000 రూపాయలు. నలభై ఏళ్లవాడికి గుణకం 184.17. బాబాయి సంపాదన ఆ గరిష్ఠానికి తక్కువ కాదు. అంటే రావలసింది 13,81,275 రూపాయలు. మట్టి ఖర్చులకు ఇచ్చే అయిదు వేలు అదనం. మేము పుచ్చుకున్నది అందులో దాదాపు ఏడో వంతు మాత్రమే.

అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆ కాగితమే చెల్లదు. పరిహార హక్కును వదులుకుంటూ చేసుకున్న ఏ ఒప్పందమైనా రద్దయినట్టేనని చట్టం చెబుతుంది. మరణ పరిహారాన్ని యజమాని నేరుగా కుటుంబం చేతిలో పెట్టకూడదు, కమిషనర్ వద్ద జమ చేయాలి. ఆ రోజు ఒక పెద్దాయన ‘తాగి ఉన్నాడట కదా’ అన్నాడు. మేమందరం తల వంచుకున్నాం. కానీ మరణం సంభవించినప్పుడు తాగి ఉన్నాడన్న వాదన యజమానికి పనికిరాదు. ‘వాడు నా మనిషి కాదు, మేస్త్రీ మనిషి’ అన్న మాటా పనికిరాదు. కాంట్రాక్టరు ద్వారా తన వ్యాపారం కోసం పని చేయించుకున్న అసలు యజమాని కూడా బాధ్యుడే.

ఇంత స్పష్టమైన చట్టం మార్చురీ దగ్గర ఎందుకు కనిపించలేదు? అక్కడ మాట్లాడినవారెవరూ ‘పరిహారం’ అనలేదు. ‘పాపం, ఏదో ఒకటి ఇప్పిద్దాం’ అన్నారు. హక్కు దానంగా మారేది ఈ ‘ఇప్పిద్దాం’ దగ్గరే. ఇప్పించే చేతులూ అప్పిచ్చే చేతులూ పని ఇచ్చే చేతులూ ఒకే వీధివి. పుచ్చుకునే చేతులు పేటవి. ఆ కాగితం చెల్లదని చెప్పినప్పుడు మా పిన్ని ఒకే మాట అడిగింది: ‘సరే అబ్బాయ్, రేపు మీ తమ్ముడికి పనెవరిస్తారు?’ వాడు ఆ మేస్త్రీ దగ్గరే కూలి. క్లెయిము వేయడానికి ఉన్న రెండేళ్ల గడువు అలాగే దాటిపోయింది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు. భయాన్ని కారణంగా రాయడానికి ఆమె ఒప్పుకోలేదు.

కార్మికుడికి ఇద్దరు శత్రువులున్నారనీ, పెట్టుబడి ఒకటైతే బ్రాహ్మణవాదం రెండోదనీ అంబేద్కర్ 1938లో మన్మాడులో దళిత రైల్వే కార్మికుల ముందు చెప్పారు. మార్చురీ బయట ఆ ఇద్దరూ ఒకే కుర్చీలో కూర్చోవడం నేను చూశాను. 2009 నుంచి కొవ్వూరు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. శాసనసభలో కుర్చీ దక్కింది కానీ పెద్దమనుషుల తీర్పులో మాకు ఇప్పటికీ కింద కూర్చునే చోటే మిగిలింది.

2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి 1923 చట్టాన్ని తనలో కలుపుకుంది. ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో జరిగే ప్రమాదానికీ అందులో చోటిచ్చారు. మంచిదే. అయితే కార్యాలయం మెట్లెక్కే బాధ్యతను వితంతువు ఒక్కదాని మీదే ఉంచితే ఏ కోడ్ వచ్చినా తెల్లకాగితమే గెలుస్తుంది.

దీనికి దారి పాత చట్టంలోనే ఉంది. కార్మికుడు పనిలో మరణించాడని ఏ మార్గం నుంచైనా సమాచారం అందితే యజమానికి నోటీసిచ్చి వివరణ కోరే అధికారం కమిషనర్‌కు ఉండేది. కొత్త కోడ్ కూడా ఆ అధికారాన్ని నిలిపింది. పనిచోట జరిగిన ప్రతి మరణం పంచనామా నకలు పోలీసు స్టేషను నుంచి కార్మిక శాఖకు దానంతటదే చేరాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. అంతవరకు ఆ సమాచారం పంపే పని విద్యార్థులు, సంఘాలు చేయవచ్చు. దానికి వితంతువు సంతకం అక్కరలేదు, ఒక ఉత్తరం చాలు.

ఆ రోజు నేను సాక్షి సంతకం చేయడానికి బదులు ఆ ఉత్తరం రాసి ఉండవలసింది.