చేతిసంచి ఒక్కటే చాలదు

2022 జూలై 1 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన ‘ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్’ నిషేధ జాబితాను ఎప్పుడైనా తీరిగ్గా చదివారా? చెవిలో తిప్పుకునే దూది పుల్లలు, బెలూన్లకు కట్టే పుల్లలు, ఐస్‌క్రీమ్ పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు, అలంకరణకు వాడే థర్మాకోల్, ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, మిఠాయి డబ్బాలకూ శుభలేఖలకూ చుట్టే పల్చటి పొర, వంద మైక్రాన్ల లోపు బ్యానర్లు. చదివాక వంటింట్లోకి వెళ్లి చెత్తబుట్ట మూత తీయండి. పాల ప్యాకెట్లు, పెరుగు ప్యాకెట్, వంటనూనె ప్యాకెట్, కందిపప్పు తెచ్చిన కవరు, పిల్లలు తినేసిన చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు, రాత్రి కర్రీ పాయింట్ నుంచి వచ్చిన సాంబారు కవరు. జాబితాలో ఉన్నవి మన బుట్టలో దాదాపు కనబడవు. బుట్టలో ఉన్నవి జాబితాలో లేవు.

2018లో ప్రపంచ పర్యావరణ దినోత్సవానికి మన దేశం ఆతిథ్యమిచ్చినప్పుడు, 2022 నాటికి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ అన్నదే లేకుండా చేస్తామని ప్రకటించారు. గడువు వచ్చేసరికి మిగిలింది పుల్లల మీద నిషేధం. ఇళ్లలో ప్లాస్టిక్ తగ్గించడం గురించి మనం వినే ఉపన్యాసాలు కూడా ఇదే దారిలో సాగుతున్నాయి. గుడ్డసంచి పట్టుకెళ్లండి, కవరు అడగకండి అంటారు. మంచి మాటే, కాదనను. అయితే గుడ్డసంచి చేతపట్టుకుని కొట్టుకెళ్లి, అందులో ఇరవై ప్లాస్టిక్ ప్యాకెట్లు నింపుకుని ఇంటికొస్తే తగ్గిందేమిటి?

కవర్ల కనీస మందాన్ని 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు పెంచారు. మందం పెరిగితే ధర పెరుగుతుంది, దుకాణదారు ఊరికే ఇవ్వడు, ఇచ్చినా మనం దాచుకుని మళ్లీ వాడతాం, చివరికి పాత సామాన్లవాడు కొంటాడు అన్నది దాని వెనక లెక్క. రైతు బజార్లో కొత్తిమీర కట్ట కొనేవాళ్లకు ఈ లెక్క ఎంతవరకు నడిచిందో వేరే చెప్పక్కర్లేదు. పైగా ఈ నిబంధన చేతికి తగిలించుకునే సంచికే వర్తిస్తుంది. కంపెనీ సీలు వేసి పంపిన ప్యాకెట్ జోలికి పోదు.

ప్యాకెట్ మన ఇంట్లోకి ఎలా వచ్చిందో గుర్తు చేసుకోవాలి. మనం పిలిస్తే వచ్చింది కాదది. వంటనూనె సంగతే చూడండి. గానుగ దగ్గరికో కిరాణా కొట్టుకో సీసా పట్టుకెళ్లి నూనె పోయించుకోవడం నలభై దాటిన వాళ్లందరికీ తెలిసిన పనే. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి పదుల మంది చనిపోయారు. అదే ఏడాది కేంద్రం నూనె ప్యాకింగ్‌ను తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు తెచ్చింది. రాష్ట్రం ప్రత్యేకంగా మినహాయిస్తే తప్ప నూనెను విడిగా అమ్మకూడదన్నది ఇప్పటికీ ఆహార భద్రత నిబంధన. ప్రాణాలు పోయిన చోట ప్రభుత్వం కదలడంలో తప్పు లేదు. కాకపోతే కల్తీని పట్టుకునే తనిఖీ వ్యవస్థను బలపరిచే బదులు సులువుగా ఉందని ప్యాకెట్‌ను నమ్ముకున్నారు. పాతికేళ్లలో ఆ సులువు కోట్ల నూనె కవర్లుగా పేరుకుపోయింది. ఈమధ్య వీధివీధినా వెలిసిన కట్టె గానుగలు కూడా ఎక్కువగా ప్లాస్టిక్ సీసాల్లోనే నూనె అమ్ముతున్నాయి.

సాచెట్‌ది ఇంకో కథ. షాంపూను చిన్న పొట్లంలో పెట్టి అమ్మొచ్చన్న ఆలోచనకు ఆద్యుడిగా తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్నికృష్ణన్ పేరు చెబుతారు. ఆయన కుమారుడు సి.కె.రంగనాథన్ 1983లో మొదలుపెట్టిన వ్యాపారం చిక్ షాంపూతో ఆ పొట్లాన్ని పల్లెపల్లెకూ చేర్చింది. అంతకుముందు షాంపూ ముఖం చూడని ఇళ్లకు అది అందింది. ఈ మేలును తీసిపారేయలేం. పైగా మన దేశంలో చాలా బ్రాండ్లకు సీసా కంటే సాచెట్లలో కొంటేనే అదే షాంపూ చవక. పెద్ద సీసా కొనుక్కుని ప్లాస్టిక్ తగ్గించండని రోజు కూలీ మీద బతికే ఇల్లాలికి చెప్పడం, నువ్వు ఎక్కువ డబ్బు పెట్టి పర్యావరణాన్ని కాపాడు అనడమే. సాచెట్ ధరను అలా నిర్ణయించిన కంపెనీని మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

ఒక్క చోట మాత్రం ప్రభుత్వం తెలిసో తెలియకో విడి సరుకు పక్షాన నిలబడింది. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి, లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండి వంటివాటి మీద 5 శాతం జీఎస్టీ వేశారు. వాటినే విడిగా తూచి అమ్మితే పన్ను లేదు. అప్పట్లో పేదల తిండి మీద పన్నా అని గొడవ జరిగింది, ఆ కోపం న్యాయమైనదే. ఆ గొడవలో పడి ఒక సంగతి ఎవరికీ పట్టలేదు. కిరాణా కొట్లో గోతాం నుంచి తూచి, సొంత డబ్బాలోనో సంచిలోనో పోయించుకునే పప్పుకు పన్నూ లేదు, ప్లాస్టిక్కూ లేదు. మన వీధి చివరి కొట్టు ఈ పని ఇంకా చేయగలదు. సూపర్ మార్కెట్ల తాకిడికి ఆ కొట్టు మూతపడితే ఆ వెసులుబాటు కూడా దానితోనే పోతుంది.

ఇక ఇంట్లో మన చేతిలో ఉన్న పని. ప్లాస్టిక్ గురించి మాట్లాడాలంటే ముందు అన్నం గురించి, కూరల గురించి మాట్లాడాలంటాను.

పుట్టపర్తిలో మూగజీవాల సంరక్షణ కేంద్రం నడుపుతున్న కరుణ సొసైటీ 2012లో సుప్రీంకోర్టుకెక్కింది. వీధుల్లో తిరిగే ఆవుల పొట్టలు కోసి పదుల కిలోల ప్లాస్టిక్ తీయాల్సి వస్తోందన్నది వాళ్ల మొర. ఆ విచారణలోనే ధర్మాసనం, ప్లాస్టిక్ కవర్లు రాబోయే తరాలకు అణుబాంబు కంటే ప్రమాదమని వ్యాఖ్యానించింది. ఆవు ప్లాస్టిక్ కోసం ప్లాస్టిక్‌ను తినదు. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, పాడైన సాంబారు మనం కవర్లో వేసి ముడి కట్టి పారేస్తాం. ముడి విప్పడానికి దానికి చేతులు లేవు కాబట్టి కవరుతో సహా మింగుతుంది. అంటే ఆవును చంపుతున్నది ఒట్టి ప్లాస్టిక్ కాదు, తిండి చుట్టిన ప్లాస్టిక్.

రీసైక్లింగ్ యంత్రం దగ్గరా ఇదే సమస్య. పాల ప్యాకెట్, నూనె ప్యాకెట్, నీళ్ల సీసా వంటివాటికి మార్కెట్లో విలువ ఉంది. శుభ్రంగా, పొడిగా ఉంటే కొనేవాళ్లున్నారు. అదే ప్యాకెట్ పప్పుచారులో ఒక రాత్రి నానిందంటే, దాన్ని వేరుచేసి కడిగే ఖర్చు దాని ధరను మించిపోతుంది. అప్పుడది డంపింగ్ యార్డుకో మంటకో పోతుంది. చిప్స్, బిస్కెట్ల ప్యాకెట్ల సంగతి వేరు. వాటిలో ప్లాస్టిక్ పొరలూ అల్యూమినియం పూతా కలిసి అతుక్కుని ఉంటాయి. ఎంత శుభ్రంగా ఇచ్చినా వాటిని కొనేవాడు దొరకడం కష్టం, చాలావరకు సిమెంటు ఫ్యాక్టరీల కొలిమిలో ఇంధనంగా ముగిసిపోతాయి. కాబట్టి ఇంట్లో మనకున్న అసలు మీట తడి చెత్తను విడిగా ఉంచడమే. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం ఒక బుట్టలోకి పోతే, రెండో బుట్టలో ఉన్నదంతా సరుకుగానే మిగులుతుంది.

బుట్టలు మనకు కొత్తకాదు. హైదరాబాద్‌లో 2015లో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం బుట్టలు పంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు నుంచి క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పేరుతో మూడు రంగుల బుట్టలిచ్చారు. చాలా ఇళ్లలో అవి నీళ్లు పట్టుకోవడానికీ బియ్యం పోసుకోవడానికీ పనికొచ్చాయి. జనానికి బాధ్యత లేదని అధికారులు విసుక్కుంటారు. బాధ్యతగా వేరుచేసి ఇచ్చిన ఇల్లాలి కళ్లముందే చెత్త బండిలో రెండూ ఒక్కటిగా కలిపేస్తే, మర్నాటి నుంచి ఆమె ఎందుకు వేరు చేయాలి? కేరళలో ఈ ముడిని ఇంకో రకంగా విప్పారు. అక్కడ హరిత కర్మసేన మహిళలు నెలవారీ రుసుము తీసుకుని ఇంటింటికీ వచ్చి ప్లాస్టిక్ పట్టుకెళతారు. కడిగి ఆరబెట్టి ఇవ్వాలి. తడి చెత్తను సాధ్యమైనంతవరకు ఇంటి దగ్గరే ఎరువు చేసుకోవాలి. రుసుము మీద అక్కడా సణుగుడు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చెత్తపన్ను పెద్ద రాజకీయ వివాదమై చివరికి రద్దయింది. రద్దు చేయడం సులభమే. చెత్త వేరుచేసి ఇచ్చిన ఇంటికి రుసుము మాఫీ చేసి, కలిపి ఇచ్చిన ఇంటికి వేస్తామని ఒక్క పార్టీ కూడా అనలేకపోయింది.

ఎంత ప్లాస్టిక్ చెత్త పుడుతోందన్న దాని మీదే పొంతన కుదరదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020–21 నివేదిక ప్రకారం దేశంలో ఏటా సుమారు 41 లక్షల టన్నులు. 2024 సెప్టెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకుల అంచనా ప్రకారం, మన దేశంలో అదుపు లేకుండా పర్యావరణంలో కలుస్తున్నదే ఏటా 93 లక్షల టన్నులు. అందులో సగానికి పైగా, 58 లక్షల టన్నులు, బహిరంగంగా తగలబడిపోతున్నది. అంచనాల పద్ధతుల మీద వాదించుకోవచ్చు. కానీ చలికాలం పొద్దున్నే ఏ మండల కేంద్రంలో నడిచినా, ఊడ్చిన చెత్తను కుప్పపోసి నిప్పు పెట్టిన వాసన తగులుతుంది. కట్టెల పొయ్యి రాజేయడానికి పాల ప్యాకెట్ వెలిగించే అలవాటు పల్లెల్లో ఇంకా పోలేదు. ఆ పొగను ముందు పీల్చేది పొయ్యి ముందు కూర్చున్న మనిషే.

నగరాల్లో వేడివేడి సాంబారును పల్చటి కవర్లో పోసి ముడివేసి ఇచ్చే కర్రీ పాయింట్ల మీద నాకు ప్రత్యేకమైన కోపముంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ఇళ్లకు అవి పెద్ద ఆసరా, మూయించమనడం లేదు. స్టీలు డబ్బా తీసుకెళితే పోయనన్న కర్రీ పాయింటు యజమాని అరుదు. టీ కొట్లో పేపరు గ్లాసును కాగితమే కదా అనుకుంటాం. లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. వంద మిల్లీలీటర్ల వేడి ద్రవం అందులో పావుగంట ఉంటే సుమారు 25 వేల ప్లాస్టిక్ సూక్ష్మకణాలు కలుస్తాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో తేల్చారు. పెళ్లిళ్లకూ పేరంటాలకూ స్టీలు గిన్నెలు, కంచాలు, గ్లాసులు అద్దెకిచ్చే స్టీల్ బ్యాంకులు సిద్దిపేటలో పెట్టారు. ప్రతి గ్రామ సమాఖ్యా చేయదగిన పని అది, పెద్ద ఖర్చూ కాదు. ఒక్క సంగతి మరవకూడదు. ఆ కంచాలు కడిగేదెవరు? ప్లాస్టిక్ లేని ఇల్లు అన్న ఆదర్శం అదనపు చాకిరీగా మారి ఆడవాళ్ల నెత్తిన పడితే నాలుగు రోజులు కూడా నిలవదు. డబ్బా పట్టుకెళ్లడం, ప్యాకెట్ కడిగి ఆరేయడం ఇంట్లో మగవాళ్ల పనిగా మారాలి.

కంపెనీల దగ్గరికి వద్దాం. తాము మార్కెట్లోకి వదిలిన ప్లాస్టిక్‌కు తామే బాధ్యత వహించాలంటూ 2022 ఫిబ్రవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఆచరణలో ఇది రీసైక్లింగ్ యూనిట్ల నుంచి ధ్రువపత్రాలు కొనుక్కునే వ్యాపారమైంది. కొన్ని యూనిట్లు చేయని రీసైక్లింగ్‌కు లక్షల సంఖ్యలో నకిలీ ధ్రువపత్రాలు పుట్టించినట్లు కాలుష్య నియంత్రణ మండలే పట్టుకుంది. కాగితం మీద బాధ్యత నెరవేరింది, ప్యాకెట్ మురుగుకాలువలోనే ఉంది.

దీనికంటే నమ్మదగినది మన పెద్దలకు అలవాటైన పద్ధతే. కూల్‌డ్రింక్ గాజుసీసాకు డిపాజిట్ కట్టి, ఖాళీ సీసా తిరిగిచ్చి డబ్బు వెనక్కి తీసుకునేవాళ్లం. తమిళనాడులోని నీలగిరి జిల్లాలో 2022 నుంచి ప్రభుత్వ మద్యం దుకాణాల్లో సీసాకు పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెస్తే వెనక్కిస్తున్నారు. సీసాల్లో అత్యధిక భాగం తిరిగొస్తోంది. అడవుల్లో పగిలిన గాజు ఏనుగుల కాళ్లలో గుచ్చుకోకూడదని మద్రాసు హైకోర్టు గట్టిగా పట్టుబడితే కదిలిన పథకమది.

ఈ పద్ధతికి పాల ప్యాకెట్ కంటే అనువైనది ఇంకోటి లేదు. ఒకే రకం ప్లాస్టిక్, ప్రతి ఇంట్లో, ప్రతి రోజూ. పాల వ్యాను తెల్లవారుజామున నిండు ట్రేలతో వచ్చి ఖాళీ ట్రేలతో వెళుతుంది. ఆ ఖాళీ ట్రేలలో కడిగిన ప్యాకెట్లు వెనక్కి వెళ్లలేవా? మహారాష్ట్ర 2018లో ప్లాస్టిక్ నిషేధంతోపాటు పాల ప్యాకెట్ల తిరుగు కొనుగోలును తలపెట్టింది, కంపెనీలు ముందుకు రాక అది అనుకున్నట్లు సాగలేదు. కారణం తెలిసింది కాబట్టి ప్రైవేటు కంపెనీల దయ కోసం చూడకుండా ప్రభుత్వాల చేతిలో ఉన్న చోట మొదలుపెట్టాలి. తెలంగాణలో విజయ డెయిరీ ప్రభుత్వ ఆధ్వర్యంలోనే నడుస్తోంది. ఒక్క నగరంలో, ప్యాకెట్‌కు ఒక్క రూపాయి డిపాజిట్‌తో ఏడాదిపాటు నడిపి ఆ లెక్కలు బయటపెట్టమనండి. నడిస్తే మిగతా డెయిరీలకు చట్టం చేయవచ్చు, ఆంధ్రప్రదేశ్ అనుసరించవచ్చు.

అప్పటిదాకా పాఠకులకు ఒక విన్నపం. పాల ప్యాకెట్ మూలను పూర్తిగా తుంచేయకండి, ఆ చిన్న ముక్క ఎవరికీ దొరకదు. అంచును సగం కత్తిరించి, పాలు పోశాక కడిగి, ఆరేసి, విడిగా పోగు చేయండి. నెలాఖరున పాత సామాన్లవాడికి ఇవ్వండి. మీ వార్డు సభ్యుడు ఓటడగడానికి వచ్చినప్పుడు, మేం వేరుచేసి ఇచ్చిన చెత్తను బండిలో ఎందుకు కలుపుతున్నారని గట్టిగా నిలదీయండి.