నేలనూ నిధినీ కలిపి చదవాలి

బి.కాం. ముగించి ఎం.బి.ఏ.లో చేరే మన పిల్లలు ఫైనాన్స్ ఒక్కటే చాలునని భావిస్తున్నారు. స్థిరాస్తి వ్యాపారమంటే చదువుతో పనిలేని మధ్యవర్తిత్వమని పెద్దలు తలుస్తున్నారు. ఈ రెండు అభిప్రాయాలతోనూ మేము ఏకీభవించము.

తాకట్టు పెట్టే స్థలానికి విలువ కట్టనిదే బ్యాంకు గృహరుణం మంజూరు చేయదు. రుణం లేకుండా లేచే భవన సముదాయాలు అరుదు. వడ్డీ, రాబడి, నష్టభయం లెక్కించడం ఫైనాన్స్ నేర్పుతుంది. హక్కు పత్రాలు, భూవినియోగ నిబంధనలు, లీజు షరతులు పరిశీలించడం రియల్ ఎస్టేట్ విద్య నేర్పుతుంది. అమెరికాలోని వార్టన్ బిజినెస్ స్కూల్లో ఎం.బి.ఏ. విద్యార్థులు ఈ రెండింటినీ ప్రధానాంశాలుగా కలిపి చదివే వీలుంది.

మన దేశంలోనూ ఈ జ్ఞానం అవసరమే. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, కొనుగోలుదారుల నుండి వసూలైన సొమ్ములో 70 శాతాన్ని ఆ ప్రాజెక్టు నిర్మాణానికీ, భూమి ఖర్చుకూ మాత్రమే వాడేలా ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. చట్టం వర్తించే ప్రాజెక్టును నమోదు చేయించకుండా ప్రకటించడం, అమ్మడం నిషిద్ధం. అయినా గల్ఫ్‌లో చెమటోడ్చిన సంపాదనను ‘ప్రీ లాంచ్’ పేరిట అప్పగించే కుటుంబాలు రెరా నమోదు సంఖ్యనైనా అడగడం లేదు. అడగగల యువతీయువకులు ప్రతి మహల్లాలో ఉండాలి. వక్ఫ్ దుకాణాల అద్దె న్యాయమైనదో కాదో తేల్చడానికీ వారే కావాలి.

కనుక ఫీజు కట్టే ముందే, రెండు విషయాలనూ కలిపి తీసుకునే వీలుందా అని తల్లిదండ్రులు కళాశాలను అడగాలి. ఉపకార వేతనాలిచ్చే మన సంఘాలు ఈ చదువునూ తమ జాబితాలో చేర్చాలని కోరుతున్నాము.