ప్రార్థిస్తే ఉద్యోగం వస్తుందా?

అనిశ్చితి అంటే ఏమిటో తెలంగాణలో గ్రూప్‌-1కు చదివినవాళ్లను అడగండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్‌ వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్‌ రాశారు. పేపర్ల లీకేజీతో 2023 మార్చిలో అది రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో అసలు ఆ నోటిఫికేషనే పోయి, 563 పోస్టులతో కొత్తది వచ్చింది. ఇందులో కష్టపడి చదివిన అభ్యర్థి చేసిన తప్పేముంది?

ఇలాంటి రోజుల్లో క్రైస్తవ విద్యార్థులు చాలామంది చర్చి వైపు చూస్తారు. మంచిదే. కానీ అక్కడ కొందరు బోధకులు 'విశ్వాసం ఉంచు, ఈ ఏడాది నీకు ఉద్యోగం ఖాయం' అనేస్తారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దానం కార్డును హాల్‌టికెట్‌తో పాటు పర్సులో పెట్టుకుని తిరిగేవాళ్లున్నారు. కార్డుతో ఇబ్బంది లేదు, దాన్ని అపాయింట్‌మెంట్‌ ఆర్డర్‌లా చదవడంతోనే ఇబ్బంది. లిస్టులో నంబరు లేకపోతే ఉద్యోగం ఎలాగూ పోయింది, 'నా విశ్వాసమే చాల్లేదేమో' అన్న బాధ అదనం. నిరుద్యోగి నెత్తిన ఈ రెండో బరువు కూడా పెట్టడం అన్యాయం.

బైబిల్‌ చెప్పే శాంతి వేరు. ఫిలిప్పీయులకు పౌలు రాసిన పత్రిక ఒకసారి చదవండి. నాలుగు అధ్యాయాలే, అరగంట పట్టదు. దేని గురించీ చింతపడొద్దని చెప్పిన ఆ మనిషి అది రాసేటప్పటికి బంధకాల్లో ఉన్నాడు. బతుకుతాడో చస్తాడో అతనికీ తెలియదు, ఆ మాట దాచుకోనూ లేదు. ఏ స్థితిలో ఉన్నా తృప్తిగా ఉండటం నేర్చుకున్నానంటాడు. నేర్చుకున్నాడట! అంటే పుట్టుకతో వచ్చింది కాదు, ఒక్కరోజు ప్రార్థనతో దిగొచ్చిందీ కాదు. గెత్సేమనేలో యేసు సైతం రాబోయే శ్రమ తప్పిపోవాలని అడిగాడు. తప్పలేదు. కాబట్టి 'దేవా, భయంగా ఉంది, ఈసారీ పోతే ఇంట్లో మొహం ఎలా చూపించను' అని ఉన్నదున్నట్టు మొరపెట్టుకోవడం అవిశ్వాసం కాదు. కీర్తనల్లో అలాంటి మొరలు బోలెడు.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోమనీ కాదు. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్ల దంపతులతో కలిసి డేరాలు కుట్టి బతికాడు. మన దగ్గర మెదక్‌ చర్చిని చూడండి. కరవు కాలంలో ఆకలితో వచ్చినవాళ్లకు చార్లెస్‌ వాకర్‌ పాస్నెట్‌ ఆ కట్టడం దగ్గర పని చూపించి అన్నం పెట్టాడు. పదేళ్లు పట్టిన ఆ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. వెళ్లినవాళ్లంతా 175 అడుగుల గోపురం ముందు ఫొటో దిగుతారు గానీ, ప్రార్థన, పని, కూడు ఒకేచోట దొరికిన సంగతి తలచుకునేవాళ్లు తక్కువ. ఇప్పుడు మన సంఘాల్లో నిరుద్యోగుల కోసం ప్రత్యేక ప్రార్థనలకు లోటు లేదు. చర్చి హాలును వారంలో నాలుగు రోజులు రీడింగ్‌ రూమ్‌గా తెరిచేవి ఎన్ని? సంఘంలో ఉన్న బ్యాంకు ఉద్యోగో, లెక్చరరో గంటసేపు మాక్‌ ఇంటర్వ్యూ చేస్తే అదీ పరిచర్యే. మొహమాటపడకుండా మీ పాస్టరును అడగండి.

టెస్ట్‌ సిరీస్‌ ఉందని ఆదివారం ఆరాధన మానేసేవాళ్లకు ఒక మాట. వారమంతా మిమ్మల్ని మార్కులతో కొలుస్తూనే ఉంటారు. అలా కొలవని చోట ఒక్క పూట కూర్చుంటే సిలబస్‌ ఏమీ మిగిలిపోదు. 'ఇంకా ఏమీ రాలేదా బాబూ' అని అడిగే ఆంటీలు అక్కడా ఉంటారనుకోండి, నవ్వి ఊరుకోవచ్చు.

ఇక వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, బతకాలనిపించకపోయినా ప్రార్థనతో పాటు డాక్టరూ కావాలి. ఉపవాసముంటే అదే పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి, పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడే. ప్రభుత్వం నడిపే టెలి మానస్‌ నంబరు 14416. ఫోన్‌ చేయడానికి డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.