మునిగిన యోడ, వెలసిన యూరు

మన నిజామాబాదునకు సముద్రము కడు దూరము. మన మెరిగిన నీరు మంజీరా నీరు, గోదావరి నీరు, నిజాంసాగరు కాలువలో పారి బోధను చెఱకుతోటలను దడుపు నీరు. అట్టి మనము ఈ నెల ఓడలను గూర్చి, అందును బుద్ధిపూర్వకముగా సముద్రమున ముంచెడు ఓడలను గూర్చి ముచ్చటించుట కొందఱకు వింతగా దోచవచ్చును. అయినను ఈ విషయమున ప్రతి గృహిణియు నెరిగిన ధర్మమొకటి యిమిడి యున్నది. పాతవస్తువును పారవైచుట వేఱు, పరులకిచ్చుట వేఱు. చినిగిన చీరను వీధిలోనికి విసరుట పారవైచుట. ఉదికి, చిరుగు కుట్టి, మడతపెట్టి యిచ్చుట దానము. వస్తు వొక్కటే, ఫలము వేఱు. ఓడల విషయమునను సరిగా నిట్లే యున్నది.

ఓడ యనునది వట్టి యినుము గాదు. అది కదలెడు యూరు. వంటయిల్లు, పడకగదులు, యంత్రశాల సమస్తమును అందుండును. ముప్పది నలువది యేండ్లు ఉప్పునీట దిరిగిన పిదప దాని యొడలు తుప్పుపట్టును, యంత్రములకు కాలము చెల్లును. పని తీరిన యినుమును జూచి నిట్టూర్చుట మన బోధనువారికి క్రొత్త గాదు. 1937లో స్థాపింపబడి, ఆసియాలోనే పెద్దదని పేరుగన్న నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినప్పుడు, అన్ని యంత్రములును అంత యినుమును ఇక నేమి కావలెనని యడుగని యిల్లు ఆ ప్రాంతమున లేదు. సముద్రతీరమువారు ముదిసిన యోడను జూచి యడుగు ప్రశ్నయు నిదియే. భేదమేమనగా, మూతపడిన కర్మాగారమును మరల నడుపుట యూహకందిన పని. ముదిసిన యుద్ధనౌకను మరల యుద్ధమునకు బంపజాలము.

అట్టి నౌకకు ముఖ్యముగా మూడు గతులు గలవు. మొదటిది ఒడ్డునకు దెచ్చి ప్రదర్శనశాలగా జేయుట. విశాఖపట్టణపు రామకృష్ణా బీచియందు 2002లో ప్రజల కొఱకు దెఱవబడిన ‘కుర్సురా’ జలాంతర్గామి యిట్టిది. పిల్లలతో విశాఖ వెళ్లివచ్చిన సోదరీమణులు దానిలో తల వంచుకొని నడచియే యుందురు. రెండవది ముక్కలు చేసి పాతయినుముగా నమ్ముట. 1959 నుండి ఆంగ్లేయుల నౌకాదళమున ‘హెర్మెస్’ అను పేరను, 1987 నుండి మన నౌకాదళమున ‘విరాట్’ అను పేరను పనిచేసిన విమానవాహకనౌకను విశాఖకు దేవలెనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దలచినది గాని యది నెఱవేరలేదు. 2017లో విరమించిన యా మహానౌక 2020లో గుజరాతునందలి అలంగు తీరమును జేరి ముక్కలైనది.

మూడవ గతియే మన ప్రస్తుత విషయము. ఓడను శుద్ధిచేసి, ఎంచిన తావున ముంచి, జలచరములకు నివాసముగా నిచ్చుట. దీనిని కృత్రిమపు దిబ్బ యందురు. మన దేశమున ఇందులకై యెన్నుకొనబడినది ‘గుల్దార్’ అను నౌక. పోలెండు దేశమున నిర్మింపబడి, 1985 డిసెంబరులో మన నౌకాదళమున జేరి, సైనికులను, ట్యాంకులను నేరుగా ఇసుకయొడ్డున దింపుచు ముప్పదెనిమిదేండ్లు సేవచేసి, 2024 జనవరిలో విరమించినది. దాని పొడవు సుమారు 84 మీటర్లు. 2025లో నౌకాదళము దీనిని మహారాష్ట్ర పర్యాటకసంస్థ కప్పగించినది. సింధుదుర్గము జిల్లాయందలి నివతీ శిల చెంత దీనిని ముంచి, చేపలకు నిల్లుగాను, నీటిలో మునిగి చూచువారికి ప్రదర్శనశాలగాను జేయవలెనని సంకల్పము.

ముంచినంతనే యోడ యిల్లెట్లగునని సందేహము గలుగవచ్చును. సముద్రగర్భము చాలచోట్ల ఇసుకయు బురదయు గల వట్టి బయలు. అందు చిన్నజీవి పట్టుకొనుటకు గట్టి యాధారము లేదు, దాగుకొనుటకు చాటు లేదు. అట్టి బయలున నొక ఓడ నిలిచినచో, మొదట కంటికి గానరాని సూక్ష్మజీవులు దాని గోడలపై జిగటపొరగా బట్టును. మన పెరటి నీళ్లతొట్టికి బట్టు పాకుడు వంటిదే యిది. కొన్ని వారములకు నాచు మొలచును. పిదప గట్టిగుల్లలు గల చిన్నజీవులు, చిప్పలు, స్పంజులు వచ్చి యతుకుకొనును. నీరు వెచ్చగను తేటగను ఉన్నచోట కొన్నేండ్లకు పగడములును బట్టును. నాచు మేయుటకు చిన్నచేపలు, వానిని వేటాడుటకు వంజరము వంటి పెద్దచేపలు జేరును. ఓడగదులు పీతలకును చేపపిల్లలకును చాటగును. నావికులు నిదురించిన తావున చేపలు నిదురించును.

మన జలాశయములయందును దీనికి సాటి కలదు. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగరమున నీరు నిలిచినప్పుడు గోదావరి యొడ్డున నున్న గ్రామములు మునిగినవి. ఊరు విడిచిన తల్లులకది కన్నీటి కథ. దానిని మేము తేలికగా జెప్పబోము. అయినను జలాశయములలో వలవేయువారి నడిగి చూడుడు. వట్టి బయలుకంటె మునిగిన గోడలు, చెట్టుమొద్దులు గల చోటులందే చేప నిలుచునని చెప్పుదురు. సుందరకాండము చదివిన సోదరీమణులకు మైనాకుడు జ్ఞప్తికి రాక మానడు. ఇంద్రునకు వెఱచి సముద్రగర్భమున దాగిన యా పర్వతము, హనుమంతుడు లంక కేగునప్పుడు పైకి వచ్చి, విశ్రమింపుమని తన శిఖరము నొసగినది. సముద్రుడు తనకిచ్చిన శరణమును మైనాకుడు మఱియొకని కీయజూచినాడు. మునిగిన దానికిని పరోపకారయోగ్యత గలదని యిందువలన దెలియవలయును.

అయితే క్షీరసాగరమును మథించినప్పుడు అమృతమునకు ముందు హాలాహలము పుట్టినదను మాట మఱవరాదు. పాతయోడలోను హాలాహలము గలదు. ఇంధనపు తొట్లలో మిగిలిన చమురు, పాతరంగులలోని సీసము, గొట్టములకు జుట్టిన ఆస్‌బెస్టాస్, విద్యుత్తీగల తొడుగులలోని పీసీబీలను రసాయనములు మొదలగున వన్నియు విషములే. వీనిని దీయక ముంచినచో ఆ విషము మొదట చిప్పలకు, పిదప చేపలకు, తుదకు చేపను దినువారికి జేరును. అమెరికావారు తమ ‘ఒరిస్కనీ’ అను విమానవాహకనౌకను 2006 మే 17వ తేదీన ఫ్లారిడా తీరమున ముంచుటకు పూర్వము, ఆ శుద్ధికే కోట్లకొలది ధనమును, చాలకాలమును వెచ్చించిరి. ముంచుటకు పట్టిన కాల మొక గంటయైనను గాదు. ఇల్లు కడుగుట కెంత సేపు, ముగ్గు పెట్టుట కెంత సేపు! కనబడునది ముగ్గే గాని కష్టము కడుగుటలో నున్నది. ఇంత చేసినను తీగల తొడుగులలో కొంత విషము మిగిలిపోయినది. అందులకు ప్రభుత్వమువారి ప్రత్యేకానుమతిని బొంది, అచటి చేపలను బట్టి పరీక్షించుచు రావలసివచ్చినది.

కడుగకయు నాలోచింపకయు వేసిన దాని గతి యేమైనదో వినుడు. అదే ఫ్లారిడా తీరమున 1972లో, చేపలకు నివాసమను మంచి మాట జెప్పి, సుమారు ఇరువది లక్షల పాతటైర్లను కట్టలుగా గట్టి సముద్రమున వేసిరి. కట్టిన బందులు తెగినవి. టైర్లు విడివడి, అలలకు దొరలి, చెంతనున్న సహజమైన పగడపు దిబ్బలను ఒరసి పాడుచేసినవి. దశాబ్దముల పిదప నీటిలో మునుగువారిని బంపి, వానిని ఒక్కొక్కటిగా వెలికి దీయవలసివచ్చినది. పెరటిచెత్తను పొరుగువారి దొడ్డిలో వైచి దానమని పేరుపెట్టిన యట్లున్నది గదా!

శుద్ధి చేసినను మఱియొక చిక్కు గలదు. చిన్నయసూరిగారి నీతిచంద్రిక చదువని వారు మనలో నరుదు. అందు వేటకాడు నూకలు చల్లి వలపన్నును. పావురములు నూకలను జూచునుగాని వలను జూడవు. మునిగిన యోడయు నట్టి నూక కావచ్చును. పండితులలో నొక చర్చ గలదు: ఇట్టి దిబ్బ వలన చేపలు నిజముగా పెరుగునా, లేక నలుదిక్కుల నున్నవి యొకచోటికి జేరుట మాత్రమా యని. రెండును జరుగునని పలువురి మతము. జేరిన చేపలను జేరినట్లే పట్టివేసినచో, ఓడ యిల్లు గాదు, వల. కావున చుట్టును వేట కొక హద్దు ఏర్పఱచుట యవసరము. ఆ హద్దును దొరలు పటముపై గీచిన జాలదు. తెల్లవారక మునుపే గంప నెత్తిన బెట్టుకొని రేవునకు బోవు బెస్తయిల్లాలి పొయ్యి ఆ నీటిపైన నాధారపడి యున్నది. వల వేయరాదన్నచో ఆమె యింటికి మాఱుత్రోవ యేమి? చూడవచ్చువా రిచ్చు రుసుములో ఆమెకు భాగము గలదా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పిన పిమ్మటనే యోడను ముంచుట న్యాయము.

ఇక చూడబోవువారి సంగతి. భారతమున దుర్యోధనుడు జలస్తంభనవిద్యచే మడుగున దాగెనని చదివితిమి. ఇప్పటివారి విద్య స్కూబా. 1943లో ఫ్రాన్సు దేశమున కూస్తో, గాన్యాన్ అను నిరువురు దీని ముఖ్యపరికరమును సిద్ధపఱచిరి. వీపున దగిలించుకొను సిలిండరులో నుండునది సాధారణముగా వట్టి ప్రాణవాయువు గాదు. మనము పీల్చు గాలియే, గట్టిగా నొత్తి నింపినది. నీటిలో ప్రతి పది మీటర్ల లోతునకును మన మీది యొత్తిడి ఒక వాతావరణపు మేర పెరుగును. ఆ యొత్తిడిలో పీల్చిన గాలియందలి నత్రజని రక్తములో గరగును. గోలీసోడా బుడ్డిని దలచుకొనుడు. గోలీ బిగిసి యున్నంతవఱకు లోనిది నిశ్చలము. చటుక్కున గొట్టినంతనే బుసబుస పొంగును. వేగముగా పైకి వచ్చినవాని రక్తము గతియు నట్టిదే. కీళ్లనొప్పి మొదలు పక్షవాతము వఱకు దీనివలన రావచ్చును. కావున మెల్లగా పైకి రావలెను. ఊపిరి నెన్నడును బిగబట్టరాదు. పది మీటర్ల లోతున బిగబట్టిన గాలి, పైకి వచ్చుసరికి రెండింతలై ఊపిరితిత్తులను జీల్చును.

మన పిల్లలు చదువుల కొఱకు విశాఖకును పుదుచ్చేరికిని బోవుచున్నారు. కొమరుడో కొమార్తెయో ఈ విద్య నేర్చెదనన్నచో, వలదని తలుపు మూయుట కంటె నాలుగు ప్రశ్నలు వేయుట మేలు. నేర్పువారికి యోగ్యతాపత్ర మున్నదా? వైద్యుడు చూచినాడా? ఉబ్బసము, గుండెజబ్బు, చెవిబాధ గలవారును, గర్భవతులును దీనికి దూరముగా నుండవలయును. క్రొత్తగా నేర్చినవారి హద్దు 18 మీటర్లే యని దెలిసినదా? ఓడ లోపలికి బోవుట వేఱొక విద్య. తలపై కప్పున్నచో పైకి వచ్చు త్రోవ యుండదు, బురద రేగిన వాకిలియే కానరాదు. బయటినుండి చూచి రమ్మని కట్టడి చేయవలెను. మునిగి వచ్చిన నాడే విమానమెక్కి హైదరాబాదునకు వచ్చెదమన్న నొప్పుకొనరాదు. పదునెనిమిది గంటలైనను నేలపై నుండవలెను.

చివరి మాట యొకటి మిక్కిలి ముఖ్యము. మునిగిన ప్రతి యోడయు వేడుక చూడదగినది గాదు. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి పాకిస్థానువారి ‘ఘాజీ’ జలాంతర్గామి, లోనున్న తొంబదిమందికి పైబడిన నావికులతో విశాఖ చెంత మునిగినది. 2024లో మన నౌకాదళమువారు తమ క్రొత్త పరికరముతో దానిని పోల్చుకొనిరి. సుమారు నూఱు మీటర్ల లోతున నున్న దానిని ముట్టలేదు. చనిపోయినవారి యెడల గౌరవముచే నట్లే విడిచిరి. వారు శత్రువులే. అయినను ప్రతి నావికునకును ఇంట నెదురుచూచు తల్లియో భార్యయో యుండును గదా! ఆ యోడ చుట్టును నాచు మొలవవచ్చును, చేపలు తిరుగవచ్చును. అది వానికి సముద్రు డిచ్చిన యిల్లు. మనకది సమాధి. సమాధి చెంత తలవంచి నిలుతుముగాని లోనికి జొఱబడము.

విరాట్ మన తీరమునకు రాలేదు. రేపు మఱియొక యోడ రావచ్చును. మనము కట్టిన పన్ను దానిపై వెచ్చింపబడవచ్చును. అప్పుడు పత్రికలో చిత్రము జూచి బాగున్నదని పుట త్రిప్పక, సోదరీమణులారా, అడుగుడు: దీనిని కడిగినారా? దీని చెంత బ్రతుకువారి నడిగినారా? దీనిలో నెవరైన నిదురించుచున్నారా? ఈ మూటికిని తగిన యుత్తరము వచ్చినచో సంతోషముగా ముంచనిండు. ఆ పిదప చేయవలసిన దంతయు సముద్రుడు చేసికొనును.