మాత్ర ఒక చేత, కూల్‌డ్రింకు ఒక చేత

కొత్తవలస జంక్షన్‌లో మందుల షాపు మెట్లు దిగినవాళ్లే పక్క బడ్డీలో కూల్‌డ్రింకు అడుగుతున్నారు. ‘సుగరు మాత్ర వేసుకుంటున్నాం కదా’ అన్నది వాళ్ల ధైర్యం. ఆ ధైర్యానికి ఆధారం లేదు.

మందూ తీపీ ఒకే ఒంట్లో తలపడితే ఏమవుతుందో ఎలుకల్లో ఏనాడో చూశారు. పంచదారలో సగభాగం ఫ్రక్టోజే. దాన్ని అతిగా మేపితే ఎలుక కాలేయంలో కొవ్వు పేరుతుంది, ఇన్సులిన్ ఉన్నా కణాలు లొంగవు. పయోగ్లిటజోన్ అనే సుగరు మందు ఇస్తే కొంత దారికొస్తాయి.  

మందుకు మాత్రం మూల్యం ఉంటుంది. హైదరాబాద్‌లో డాక్టర్ రెడ్డీస్ శాస్త్రవేత్తలు కనిపెట్టిన రాగాగ్లిటజార్ అనే సుగరు మందు ఊబకాయపు జకర్ ఎలుకల్లో ఇన్సులిన్ పనితీరును బాగుచేసింది, రక్తంలో కొవ్వునూ దించింది. డెన్మార్క్ కంపెనీ నోవో నోర్డిస్క్ దాన్ని మనుషులపై చివరి దశ పరీక్షల దాకా తీసుకెళ్లింది. 2002లో ఆ మందు తిన్న ఎలుకల మూత్రాశయంలో కణుతులు కనిపించాయి. పరీక్షలు ఆగిపోయాయి. అలాంటి భయంతోనే పయోగ్లిటజోన్‌నూ 2013 జూన్‌లో కేంద్రం ఆపేసి, జూలై ఆఖరున హెచ్చరికతో మళ్లీ అనుమతించింది.

డాక్టరు రాసిన మాత్ర ఎవరూ మానకూడదు. దాని మీద రోజూ పంచదార బరువు మోపడమే తప్పు. రోజుకు 25 గ్రాముల లోపైతే మరీ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. 300 మిల్లీలీటర్ల మామూలు కోలా ఒక్కటే 30 గ్రాములు దాటుతుంది! 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే లెక్కన దేశంలో మధుమేహులు 10 కోట్ల పైమాటే.

ఇంతమంది ఉన్న దేశంలో ఆ గ్రాముల లెక్క సీసా వెనక, చీమతలంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. జామి నుంచి సంతకొచ్చిన అవ్వకు అది ఎవరు చదివిపెట్టాలి? 2022 సెప్టెంబరులో ఆహార భద్రతా సంస్థ ప్యాకెట్లకు నక్షత్రాలిస్తామని ముసాయిదా తెచ్చింది. పంచదార నిండిన సరుక్కి ఒక్క నక్షత్రమిచ్చినా అది మెచ్చుకోలులాగే కనిపిస్తుంది. చిలీ 2016 నుంచే ముందువైపు నల్లటి హెచ్చరిక గుర్తు వేయిస్తోంది. మనకూ అదే కావాలి: ముందువైపున, పెద్దక్షరాల్లో, తెలుగులో. పాఠశాలల చుట్టుపక్కల బడ్డీల్లో అమ్మే సీసాల మీద ముందుగా.