జెండాలో మన రంగు ఏది?

ఆగస్టు నెల వచ్చిందంటే విశాఖలో ఏ వీధి చూసినా జెండాల సందడే. రేవు కార్మికుల బస్తీల్లోనూ, ఉక్కునగరం క్వార్టర్లలోనూ పిల్లలు రంగు కాగితాలు కత్తిరించి, దారానికి అంటించి, తోరణాలు కడతారు. ఈ సందడి మధ్య మాకు తెలిసిన ఒక ఇంట్లో ఏడేళ్ల పాప బడి నుంచి వస్తూనే తల్లిని అడిగింది: "అమ్మీ, జెండాలో పచ్చరంగు ఒక్కటే మనదట. మిగతా జెండా ఎవరిది?"

ఆ తల్లికి వెంటనే జవాబు తోచలేదు. పాప చేతిలో ఒక బొమ్మల పుస్తకం ఉంది. అందులో కాషాయం పక్కన గుడి, తెలుపు పక్కన చర్చి, పచ్చ పక్కన మసీదు బొమ్మలు వేశారు. వేసినవారి ఉద్దేశం మంచిదే. అందరూ కలిసి ఉండాలని చెప్పబోయారు. కానీ పసిమనసుకు అందులో కలయిక కనిపించలేదు, పంపకం కనిపించింది. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు మూడోవంతు తన వాటాకు వచ్చిందనుకుంది.

ఈ అర్థం ఎవరో కల్పించినది కాదు. అందుకు చరిత్ర ఉంది. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గారు దేశానికి ఒక జెండా ఉండాలని తపించి, 1916లోనే అనేక నమూనాలతో ఒక పుస్తకం ప్రచురించారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల సమయంలో గాంధీజీ కోరగా, కొద్ది గంటల్లోనే ఎరుపు, పచ్చ రంగుల మీద రాట్నంతో జెండా తయారుచేసి ఇచ్చారు. రాట్నం సూచన జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్‌ది. ఎరుపు హిందువులకు, పచ్చ ముస్లింలకు గుర్తు అని అప్పట్లో అనుకున్నారు. మిగిలిన మతాల కోసం తెలుపు కూడా ఉండాలన్నది గాంధీజీ మాట.

కథ అక్కడితో ఆగిపోలేదు. మా రంగూ ఉండాలని సిక్కులు అడిగారు. మతానికో రంగు అన్న లెక్క మొదలైతే దానికి అంతెక్కడ? అందుకే 1931లో కాంగ్రెస్ ఒక సంఘాన్ని వేసింది. దాని కన్వీనరు మన బందరు డాక్టరు పట్టాభి సీతారామయ్య గారు. మౌలానా అబుల్ కలాం ఆజాద్ అందులో సభ్యులు. ఆ ఏడాదే కాషాయం, తెలుపు, పచ్చ రంగుల జెండాను ఆమోదిస్తూ, ఈ రంగులకు మతాలతో సంబంధం లేదని కాంగ్రెస్ స్పష్టంగా ప్రకటించింది. ధైర్యత్యాగాలకు కాషాయం, సత్యశాంతులకు తెలుపు, విశ్వాసానికి, శౌర్యానికి పచ్చ అని చెప్పింది.

1947 జూలై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ గారు, రాట్నం స్థానంలో అశోకచక్రం ఉన్న జెండాను ప్రతిపాదిస్తూ మళ్లీ అదే మాట చెప్పారు. అస్సాంకు ప్రధానిగా పనిచేసిన ముస్లిం నాయకుడు సయ్యద్ మహమ్మద్ సాదుల్లా లేచి ఆ తీర్మానాన్ని బలపరిచారు. మన విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు 1931 నుంచి 1936 వరకు ఉపాధ్యక్షులుగా ఉన్న డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ సభలోనే రంగులకు అర్థం చెప్పారు. ఆయన వివరణలో కాషాయం త్యాగానికి, తెలుపు సత్యమార్గానికి, పచ్చ మనం నిలబడిన నేలకు, ఆ నేల మీది పైరుపచ్చకు గుర్తు. నేల ఒక్క మతం వారిది ఎలా అవుతుంది?

పెద్దలు ఇంత ఆలోచించి, ఇంత వాదించి దిద్దుకున్న అర్థాన్ని వదిలి, పాత అర్థాన్నే పిల్లలకు నేర్పడం శోచనీయం. అయితే తప్పు పుస్తకాలది మాత్రమే అంటే న్యాయం కాదు. మనమూ ఆ పచ్చచారను చూపి "ఇది మనది" అని మురిసిపోతూనే ఉన్నాం.

మరో విషయం. 1947లో జెండాకు తుదిరూపం ఇచ్చే పనిలో తమ తల్లిదండ్రులు బద్రుద్దీన్ త్యాబ్జీ, సురయ్యా త్యాబ్జీలు పాలుపంచుకున్నారని వారి కుమార్తె లైలా త్యాబ్జీ రాశారు. ఈ విషయం తెలిసినప్పటి నుంచి కొందరు జెండా వెంకయ్య గారిదా, సురయ్యా గారిదా అని తగవుకు దిగుతున్నారు. ఒకరి పేరు నిలపడానికి మరొకరి పేరు చెరపనక్కరలేదు. జెండా కోసం ఏళ్లపాటు పరితపించినవారు ఒకరు, రాట్నం సూచించినవారు ఒకరు, అర్థం సరిదిద్దినవారు కొందరు, తుదిమెరుగులు దిద్దినవారు మరికొందరు. ఇన్ని చేతుల బొమ్మ వేస్తే అంతకన్న మంచి పిల్లల పుస్తకం ఉంటుందా?

కనుక తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు మేము చేసే మనవి ఇది. పిల్లల దగ్గర 1921 నాటి అర్థాన్ని దాచకండి. ముందు అలా అనుకున్నారు, అది సరికాదని తోచి పెద్దలే మార్చుకున్నారు అని చెప్పండి. తప్పు దిద్దుకోవడం పెద్దతనమని కూడా ఆ పూటే నేర్చుకుంటారు. చక్రంలోని 24 ఆకులను వేలు పెట్టి లెక్కించమనండి. మంచి పుస్తకం దొరక్కపోతే నాలుగు తెల్లకాగితాలు కుట్టి, రంగుపెన్సిళ్లతో ఇంట్లోనే తయారుచేయండి. నానీమా పక్కన కూర్చుని కథ చెబితే చాలు.

మన రేవు ముఖద్వారం దగ్గర మూడు కొండలు వరసగా ఉన్నాయి. ఒకదాని మీద ఇస్‌హాక్ మదనీ దర్గా, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. ఆ పుస్తకం జెండాను మూడు కొండలుగా చూపించింది. కానీ జెండా కొండల్లాంటిది కాదు, వాటి కింద ఉన్న రేవులాంటిది. అందులో ఈ నీళ్లు మావి, ఆ నీళ్లు మీవి అని గీత గీయడం ఎవరి తరమూ కాదు.

ఆ పాపకు మా జవాబు ఒక్కటే: పై అంచు నుంచి కింది అంచు దాకా ఆ జెండా మొత్తం నీదే తల్లీ. పక్కింటి పాపకు కూడా అది మొత్తం ఆమెదే.